ఎండీ గారి విమానానికి సంజాయిషీ నేనెందుకు రాయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి కంపెనీలో కార్పొరేట్ కమ్యూనికేషన్స్ మేనేజర్‌ని. వయసు 36. గత నెల మా దగ్గర 140 మందిని తీసేశారు. మిగిలినవాళ్ళకి ఈ ఏడు ఇంక్రిమెంట్లు లేవన్నారు, క్యాంటీన్ సబ్సిడీ ఎత్తేశారు. సరిగ్గా ఆ వారమే మా ఎండీ గారు ముంబయి నుంచి చార్టర్ విమానంలో వచ్చి, అందర్నీ ఆడిటోరియంలో కూర్చోబెట్టి, "ఇది అందరం త్యాగాలు చెయ్యాల్సిన సమయం" అన్నారు. ఆయన విమానం మెట్లు దిగుతున్న ఫొటో సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేసింది. ఇప్పుడు నాకు రెండు పనులు అప్పజెప్పారు. ఒకటి, సోమవారానికి ఉద్యోగులందరికీ వివరణ మెయిల్ తయారు చెయ్యాలి. ఎండీ గారి గంట విలువెంత, మామూలు విమానంలో వస్తే ఎంత సమయం పోయేది, ఇలాంటి లెక్కలతో. రెండు, ఆ ఫొటో గ్రూపులో మొదట ఎవరు పెట్టారో కనుక్కుని చెప్పాలి. అదెవరో నాకు తెలుసు, నా టీంలో అమ్మాయే. మా ఆవిడేమో "నీకెందుకీ గొడవ, రాసిచ్చెయ్, ఇంటి ఈఎంఐ ఉంది" అంటోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం:

మీ ఆవిడ మాటతోనే మొదలుపెడతాను. అందులో తప్పేమీ లేదు. కోటి విద్యలు కూటి కొరకే. ఐదో తారీఖు వచ్చేసరికి ఈఎంఐ కట్టాల్సిన మనిషికి "ఆత్మగౌరవం చూసుకో, రాజీనామా చెయ్" అని చెప్పడం నాలాంటి రిటైరైనవాళ్ళకి చాలా తేలిక. ఆ సలహా ఇవ్వను. మెయిల్ రాయండి. వాళ్ళు అడిగిన మెయిల్ మాత్రం రాయకండి. పాపం పుణ్యం సంగతి తరవాత, ముందు అది పని చెయ్యదు. పని చెయ్యకపోవడం నేను దగ్గరుండి చూశాను.

2008లో మేం అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో ఉండేవాళ్ళం. డెట్రాయిట్ పక్కన నోవైలో ఇల్లు. కార్ల సీట్ల కింద బిగించే ఇనప బ్రాకెట్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో నాది అకౌంట్స్ ఉద్యోగం. మేం ఎవరికి బిల్లు వేసినా ఆ డబ్బు చివరికి రావలసింది మూడు చోట్ల నుంచే: జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్. ఆ మూడింట్లో జనరల్ మోటార్స్ ఒక్కటే అంతకుముందు ఏడాది, అంటే 2007లో, 3,870 కోట్ల డాలర్ల నష్టం చూపించింది. 2008 సెప్టెంబరులో బ్యాంకులు కూలాక కారు కొనడానికి జనానికి అప్పు పుట్టడం మానేసింది. కార్లు డీలర్ల దగ్గర మంచులో మునిగి ఉండేవి. శనివారాల్లో తెలుగువాళ్ళం ఎవరింట్లో కలిసినా పులిహోర ప్లేట్లు చేతిలో పట్టుకుని మాట్లాడుకునేది ఒకటే, ఎవరి ఉద్యోగం పోయింది, వీసా ఏమవుతుంది, ఇల్లు అమ్మితే కొనేవాళ్ళున్నారా.

అలాంటి రోజుల్లో, నవంబరు 19న, ఆ మూడు కంపెనీల అధిపతులు వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ ఆర్థిక సేవల కమిటీ ముందు కూర్చున్నారు. జనరల్ మోటార్స్ నుంచి రిక్ వాగనర్, ఫోర్డ్ నుంచి ఆలన్ ములాలీ, క్రైస్లర్ నుంచి రాబర్ట్ నార్డెల్లీ. అడగడానికి వచ్చింది 2,500 కోట్ల డాలర్ల అప్పు, ప్రజల పన్నుల డబ్బులోంచి. ముగ్గురూ డెట్రాయిట్ నుంచే బయల్దేరారు. ముగ్గురూ వచ్చింది ఒకే ఊరికి, ఒకే గదికి. కానీ వచ్చింది మాత్రం ఎవరి కంపెనీ విమానంలో వాళ్ళు.

న్యూయార్క్ సభ్యుడు గేరీ ఆకర్‌మన్ పట్టుకున్నాడు. విలాసవంతమైన సొంత విమానాలు దిగి చేతిలో రేకు గిన్నెతో వస్తున్నారు, గంజి పోసే చోటికి పొడుగు టోపీ, సూటూ వేసుకుని వచ్చినట్టుంది, అన్నాడు. కనీసం ముగ్గురూ కలిసి ఒక విమానంలో రాలేకపోయారా అని అడిగాడు. తరవాత కాలిఫోర్నియా సభ్యుడు బ్రాడ్ షెర్మన్ ఇంకా పదునుగా వచ్చాడు. మామూలు విమానంలో వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఎవరూ ఎత్తలేదని రికార్డులో రాసుకోండి అన్నాడు. ఇప్పుడే విమానం అమ్మేసి మామూలు విమానంలో తిరిగి వెళ్ళేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు. మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అదీ రికార్డులోకి ఎక్కింది.

ఆ రాత్రి టీవీలో ఆ ముక్క ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు. మూడు మగ తలకాయలు, టేబుల్ మీదే ఉండిపోయిన ఆరు చేతులు.

ఇప్పుడు మీ ఎండీ గారి ఆఫీసుకి ఇష్టమైన పని చేద్దాం, లెక్క. వాగనర్ విమానం రానుపోను ఖర్చు సుమారు 20,000 డాలర్లని అప్పట్లో వార్తల్లో వేశారు. మామూలు విమానంలో వెనక సీట్లో అయితే మూడొందల డాలర్లలోపు అయ్యేదట. సరే, 20,000 అనే అనుకుందాం. వాళ్ళడిగిన 2,500 కోట్లు ఆ చొప్పున ఖర్చవ్వాలంటే వాగనర్ అలాంటి ప్రయాణాలు పన్నెండున్నర లక్షలు చెయ్యాలి. అంటే విమానం వల్ల కంపెనీ మునగలేదు, విమానం ఆపితే తేలదు కూడా. కంపెనీ వాళ్ళు ఇచ్చిన సమాధానాలూ అబద్ధాలు కావు. భద్రత కోసం అధిపతి కంపెనీ విమానంలోనే ప్రయాణించాలన్నది వాళ్ళ నియమం అన్నారు. నిజంగానే ఉంది ఆ నియమం. ఒక పెద్ద సంస్థ నడిపేవాడి గంటకి విలువ ఉంటుందన్నదీ నిజమే. అకౌంటెంట్‌ని కదా, ఆ వాదన నాకు అర్థమవుతుంది. నేనే రాసిచ్చేదాన్ని కావాలంటే.

కానీ ఆ లెక్క విని ఊరుకున్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా చూడలేదు నేను.

ఎందుకో ఆలోచించండి. మా ఫ్యాక్టరీలో మెషీన్ నడిపే ఒకాయన ఉండేవాడు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. అతని కొడుకు పెద్ద కంపెనీ ప్లాంటులో కొత్తగా చేరాడు. 2007 ఒప్పందం ప్రకారం కొత్తగా చేరేవాళ్ళకి గంటకి పద్నాలుగు డాలర్ల చిల్లర, అదే పని చేసే పాతవాళ్ళకి దాదాపు రెట్టింపు. కంపెనీ బతకాలంటే తప్పదన్నారు, యూనియన్ ఒప్పుకుంది. ఆ పిల్లాడికి 20,000 డాలర్ల లెక్కతో పని లేదు. "నా జీతం సగం చేసినప్పుడు కంపెనీ బతకడానికి అన్నారు. మరి వాళ్ళు ముగ్గురూ తమ వంతుగా ఏం తగ్గించారు?" అంతే అతని ప్రశ్న. దానికి జవాబు రూపాయల్లో ఉండదు, డాలర్లలోనూ ఉండదు. ఇంకా ఆ రోజే కమిటీలో మరో సభ్యుడు, ఏడాదికి ఒక్క డాలరు జీతానికి పని చేస్తారా అని ముగ్గుర్నీ అడిగాడు. నార్డెల్లీ చేస్తానన్నాడు. వాగనర్ ఏదీ తేల్చలేదు. ములాలీ, ఇప్పుడున్నది నాకు బాగానే ఉందనుకుంటాను అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆయన పరువు సగం పోయింది.

విచిత్రమేమిటంటే ముగ్గురిలో డబ్బు అత్యవసరం లేనిది ఆ ములాలీకే. 2006లోనే దాదాపు ఆస్తులన్నీ, కంపెనీ నీలిరంగు గుర్తుతో సహా, తాకట్టు పెట్టి 2,360 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుని పెట్టుకున్నాడు. చివరికి ఆ అత్యవసర అప్పు ఫోర్డ్ తీసుకోలేదు కూడా. అయినా మిగతా ఇద్దరితో కలిపి తిట్టారు. పైగా ఆయన ఫోర్డ్‌కి రాకముందు 37 ఏళ్ళు బోయింగ్‌లో పనిచేసి వచ్చినవాడు, విమానాలు తయారుచేసిన మనిషి. ఆయన విమానంలో వస్తేనే తప్పయింది, ఏం చేస్తాం.

ఇక్కడ మీకు పనికొచ్చేది వాళ్ళు ఆ తరవాత చేసిన రెండు పనులు.

మొదటిది. గొడవ మొదలైన వారం పది రోజుల్లోనే జనరల్ మోటార్స్ తన వాడకంలో ఉన్న ఒక విమానం ఎక్కడెక్కడికి తిరుగుతోందో బయటివాళ్ళు ఇంటర్నెట్లో చూడకుండా ఆపమని అక్కడి విమానయాన శాఖని అడిగింది. ఆ సంగతి కూడా వార్తైంది! విమానం కన్నా పెద్ద వార్త. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. మీ వాళ్ళు ఫొటో పెట్టిందెవరని వెతకడం కూడా ఈ కోవలోదే. ఆ అమ్మాయి పేరు మీరు చెప్పారనుకోండి, ఆమెకి మెమో ఇస్తారు. ఆ మెమో ఫొటో మంగళవారానికి అవే గ్రూపుల్లో తిరుగుతుంది. అప్పుడు మీకు సర్దిచెప్పాల్సినవి రెండవుతాయి.

కాబట్టి పేరు చెప్పకండి. తెలీదని అబద్ధమూ ఆడకండి, రేపు తెలిస్తే మీ మెడకి చుట్టుకుంటుంది. "సార్, ఈ వెతుకులాట కమ్యూనికేషన్స్ పని కాదు, దీంట్లో నేనుంటే రేపు మెయిల్ నా పేరున వెళ్తే ఎవరూ నమ్మరు" అనండి. అది నిజం కూడా. మళ్ళీ నొక్కి అడిగితే ఈ జనరల్ మోటార్స్ సంగతి చెప్పండి. పై వాళ్ళకి నీతి చెబితే వినరు, ఎవరో పెద్ద కంపెనీ నవ్వులపాలైన కథ చెబితే వింటారు. నా అనుభవం. ఆ అమ్మాయితో మాత్రం ఈ ఆదివారమే మాట్లాడండి. "నువ్వు పెట్టావా" అని అడక్కండి. "గ్రూపుల్లో కాస్త జాగ్రత్తగా ఉండమ్మా" అంటే చాలు, తెలివైన పిల్లైతే అర్థం చేసుకుంటుంది.

రెండోది కార్ల ప్రయాణం. డిసెంబరు మొదటి వారంలో మళ్ళీ విచారణ. ఈసారి ముగ్గురూ డెట్రాయిట్ నుంచి వాషింగ్టన్‌కి రోడ్డు మీద వచ్చారు, ఐదొందల మైళ్ళ పైచిలుకు, ఎవరి కంపెనీ హైబ్రిడ్ కారులో వాళ్ళు. వాగనర్ షెవర్లే మాలిబు, ములాలీ ఫోర్డ్ ఎస్కేప్, నార్డెల్లీ క్రైస్లర్ ఆస్పెన్. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారని మేమంతా నవ్వుకున్నాం. సెనేటర్ రిచర్డ్ షెల్బీ ఆ రోజు అడిగిందీ అదే, మీరే నడిపారా, డ్రైవరున్నాడా, తిరిగి వెళ్ళేటప్పుడూ కారేనా అని. అలాంటి వేషం మీ ఎండీ గారికి సూచించకండి. ఆయన వచ్చేసారి మెట్రో ఎక్కి ఫొటో దిగితే జనం ఇంకా నవ్వుతారు.

కానీ ఆ రోడ్డు ప్రయాణంతో పాటు వాళ్ళు పట్టుకొచ్చిన కాగితాల్లో ఇంకో సంగతి ఉంది, దాన్ని చూసి ఎవరూ నవ్వలేకపోయారు. ఫోర్డ్ తన ఐదు విమానాలూ అమ్మేస్తానని రాసింది. వాగనర్ ఏడాదికి డాలరు జీతం అన్నాడు. ప్రభుత్వ అప్పు తీసుకోవాల్సి వస్తే నేనూ అంతే అన్నాడు ములాలీ. నవంబరులో నోటితో అనలేని మాట డిసెంబరులో రాతలో పెట్టారు. ఆలస్యమే, కానీ రాతలో ఉంది. ఆ నెల 19న అధ్యక్షుడు బుష్ 1,740 కోట్ల డాలర్లు ప్రకటించినప్పుడు అప్పు షరతుల్లో సొంత విమానాలు వదిలించుకోవాలన్నది కూడా చేర్చారు. అంటే ముందే తమంతట తాము చేసుంటే మర్యాదగా ఉండేది, చివరికి షరతుగా చెయ్యాల్సి వచ్చింది. అంతా చేసి వాగనర్ మిగిలాడా? 2009 మార్చి చివర్లో కొత్త ప్రభుత్వం ఆయన్ని తప్పుకోమంది. జూన్ 1న కంపెనీ దివాలా కోర్టుకెళ్ళింది. మా బిల్లుల్లో కొన్ని ఆ కోర్టు కాగితాల్లోనే ఉండిపోయాయి, ఆ కథ వేరు.

లెక్క సరిగ్గా ఉన్నా గెలవలేదనడానికి ఇంకో ఉదాహరణ చెప్పి ఇది ఆపుతాను. సిటీగ్రూప్. 2008 నవంబరులో యాభై వేలకు పైగా ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించి, ప్రభుత్వం నుంచి 4,500 కోట్ల డాలర్లు తీసుకున్న బ్యాంకు. 2009 జనవరిలో వాళ్ళకి ఫ్రాన్స్ నుంచి ఫాల్కన్ 7ఎక్స్ అనే కొత్త విమానం రాబోతోందని, ఖరీదు ఐదు కోట్ల డాలర్లని పత్రికలో పడింది. బ్యాంకు ఏమంది? ఇది మునుపెప్పుడో ఇచ్చిన ఆర్డరు, పాత విమానాలు అమ్మేసి ఇది తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది అంది. చక్కటి లెక్క. పక్కరోజే, ప్రభుత్వం నుంచి ఫోన్ వచ్చాక, విమానం వద్దనేసింది. ఒక్కరోజు కూడా నిలబడలేదు ఆ లెక్క.

అయితే ఒక మాట. మీరు ఆ ఫొటో చూసి కోపం తెచ్చుకున్నవాళ్ళ పక్షం అనుకుంటాను, నేనూ అంతే. కానీ ఆ కోపం ఎక్కడ తగిలిందో కూడా చూశాను. కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అని ఊరుంది. సెస్నా, లియర్‌జెట్, హాకర్ బీచ్‌క్రాఫ్ట్, ఇలాంటి చిన్న విమానాలు తయారుచేసే ఫ్యాక్టరీలు అప్పట్లో అక్కడే ఉండేవి. ప్రపంచానికే విమాన రాజధాని అని ఆ ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. మాంద్యం వల్ల ఆర్డర్లు ఎలాగూ పడిపోతున్నాయి, దానికి తోడు ఈ గొడవ తరవాత సొంత విమానం కొంటామని బయటికి చెప్పడానికే కంపెనీలు జంకాయి. ఆ ఊళ్ళో వేల మంది మెకానిక్కులు, వెల్డర్లు ఇంటికెళ్ళారు. విమానం ఎక్కినవాళ్ళు కాదు, చేసినవాళ్ళు. మా ఆయన స్నేహితుడొకడు అక్కడే ఇంజనీరు, అతనూ. ఆ తిట్లన్నీ న్యాయమైనవే, దెబ్బ మాత్రం వాళ్ళకి పడింది. అందుకే మీ మెయిల్‌లో ఎవర్నీ, ఎండీ గారితో సహా, దుర్మార్గుడిగా చూపే వాక్యం రానివ్వకండి. ఆయన్ని దేవుడిగా చూపే వాక్యమూ వద్దు.

ఇంకో చిన్న సంగతి, మా సొంత ఫ్యాక్టరీది. మా యజమాని ఆ డిసెంబరులో కొత్త ట్రక్కు కొన్నాడు. అప్పుడే మా అందరికీ వారం రోజులు జీతం లేని సెలవిచ్చి ఉన్నాడు. పాపం ఆయన సొంత డబ్బుతోనే కొన్నాడు, మన కస్టమర్ల కార్లు మనం కొనకపోతే ఎవరు కొంటారు అనుకుని కొన్నాడట. మంచి ఉద్దేశమే. పార్కింగ్‌లో ఆ ట్రక్కు ఎర్రగా నిగనిగలాడుతుంటే ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. వారం పోయాక ఒక రోజు భోజనాల గదిలోకి వచ్చి, "ట్రక్కు గురించి మీరనుకునేది నాకు తెలుసు. నెల తరవాత కొనాల్సింది. తొందరపడ్డాను" అన్నాడు. అంతే, రెండు మూడు వాక్యాలు. ఎంత పెట్టి కొన్నాడో, ఎందుకు కొన్నాడో చెప్పలేదు. కారణం తరవాతెప్పుడో వేరేవాళ్ళు చెబితే తెలిసింది. జనం మెత్తబడ్డారా అంటే కొందరు మెత్తబడ్డారు. నేను పెద్దగా పడలేదు, నా వారం జీతం పోయింది కదా. కానీ ఆ గొడవ అక్కడితో ఆగింది.

ఇక మీ మెయిల్. పది వాక్యాలు దాటకూడదు. గంట విలువ, ముంబయి ట్రాఫిక్, మీటింగుల జాబితా, ఏవీ వద్దు. ఎవరైనా అడిగితే చెప్పడానికి మాత్రం రెండు సంగతులు ముందే కనుక్కుని పెట్టుకోండి: ఆ విమానం డబ్బు ఎవరిది, కంపెనీదా ఆయన సొంతదా, ఆ ప్రయాణాన్ని ఎవరు మంజూరు చేశారు. ఇవి మీకు తెలియకుండా ఒక్క ముక్క కూడా రాయకండి. రేపు ఏ ఆడిటరో, పత్రికవాడో అడిగితే మీరు రాసిన వాక్యమే మిమ్మల్ని పట్టిస్తుంది. మెయిల్ మొదటి వాక్యంలోనే "ఆ వారంలో అలా రావడం సరిగా లేదు" అన్న అర్థం రావాలి. రెండో వాక్యంలో ఆయన వదులుకుంటున్నదేదో ఒకటి, తేదీతో, అంకెతో. "ఖర్చుల్ని సమీక్షిస్తాం" లాంటివి కొట్టెయ్యండి. ఆ వాక్యం చదివితే 140 మంది ఇళ్ళల్లో ఏం తిట్టుకుంటారో మీకు తెలుసు. క్యాంటీన్ సబ్సిడీ వెనక్కి ఇప్పించగలిగితే ఇప్పించండి. కంపెనీకి అది పెద్ద మొత్తం కాదని నా అంచనా, కానీ రోజూ మధ్యాహ్నం ప్లేటులో కనిపిస్తుంది. రెండు డ్రాఫ్టులు తీసుకెళ్ళండి, వాళ్ళడిగిన లెక్కలది ఒకటి, ఇది ఒకటి. ఏది పంపాలో వాళ్ళని ఎంచుకోనివ్వండి. లెక్కలదే ఎంచుకుంటే పంపండి, మీ సంతకం లేకుండా, ఎండీ గారి పేరు మీదే. మీ ఈఎంఐ మీరు కట్టుకోండి, నేనేమీ అనుకోను.

వీటన్నిటికంటే ముందు, సోమవారం పొద్దున ఆఫీసులో అడుగు పెట్టగానే ఎండీ గారి సెక్రటరీకి ఫోన్ చేసి ఒక్కటి కనుక్కోండి. వచ్చే నెల మీటింగుకి ఆయన దేంట్లో వస్తున్నారు? టికెట్ ఇంకా బుక్ చెయ్యలేదంటే మీ అదృష్టం. మామూలు విమానానికి చేయించి, ఆ తరవాత రాయడానికి కూర్చోండి. మళ్ళీ చార్టరే అంటే డ్రాఫ్ట్ తెరవక్కర్లేదు, ఆ సమాధానమే తీసుకుని నేరుగా ఎండీ గారి గదికి వెళ్ళండి.